గువ్వలచెరువు ఘాట్ ఎక్కేముందు

అమ్మీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. అటక మీదున్న మీ అన్న గేర్ సైకిల్ దించావట, వచ్చే ఆదివారం కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతావట. మన ఇంటి ఆడపిల్ల ఆ ఘాట్ సైకిల్ మీద ఎక్కుతుందంటే ఈ వయసులోనూ మీసం మెలేయాలనిపించింది. ఆ వెంటనే రాయచోటి వైపు పోయే లారీలు గుర్తొచ్చాయి, నిద్ర పట్టలేదు.

గేర్లు సరిగ్గా పడటం లేదని డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి మార్చే వెనక భాగం) స్క్రూలు తిప్పుతున్నావట. ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు.

చైన్ కిరోసిన్‌తో కడుగు, ఆరాక నూనె వేసి పైజిడ్డు తుడిచెయ్. అసలు దొంగ గేర్ కేబుల్. చిన్న పళ్ల చక్రానికి దిగడానికి గేర్ తడబడుతోందా? అటు లాగేది డిరైలర్‌లోని స్ప్రింగే. కేబుల్ పైతొడుగు, అదే ఔటర్, దాని లోపల తుప్పుంటే కేబుల్ జారదు, స్ప్రింగ్ బలం చాలదు. షాపతను కేబుల్ ఒక్కటి మారిస్తే చాలంటాడు. వినొద్దు, ఔటర్ కూడా మార్పించు. కొత్త కేబుల్ కొద్దిరోజులకు వదులై, చైన్ పెద్ద పళ్ల చక్రానికి ఎక్కనని మొరాయిస్తుంది. అప్పుడు, కేబుల్ డిరైలర్‌లోకి దూరే చోట చేత్తో తిప్పే బిళ్లను విప్పే వైపు అర చుట్టు తిప్పి చూడు, చాలకపోతే ఇంకో అర.

ఇక స్క్రూల సంగతి. మీ నాన్నకు పెళ్లికాక ముందు గేర్ సైకిలుండేది. పెద్ద చక్రం పట్టడం లేదని ‘ఎల్’ అని రాసున్న స్క్రూ వదులు చేశాడు. ఆ స్క్రూ పని చైన్ పెద్ద పళ్ల చక్రం దాటి స్పోకుల్లోకి పోకుండా ఆపడం. వాకిట్లో స్టాండు మీద తిప్పి చూస్తే గేర్ టకీమని పడింది, ఆయన మురిసిపోయాడు. ఘాట్‌లో మలుపు దగ్గర నిలబడి తొక్కేసరికి చైన్ ఎగిరి స్పోకులకూ పళ్ల చక్రానికీ మధ్య ఇరుక్కుంది. వెనక చక్రం బిగుసుకుపోయింది, డిరైలర్ విరిగి వేలాడింది. మనిషి రోడ్డు మీద, వెనకే లారీ. డ్రైవరు చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. మోకాలి మీద మచ్చ ఎలా వచ్చిందో నీకెప్పుడూ చెప్పి ఉండడు. అడుగు. ఇప్పటికీ తప్పు సైకిల్‌దేనంటాడు!

కోప్పడుతున్నాననుకోకు తల్లీ. నీ చేతికి పనితనముంది, మీ అన్న పంక్చర్ కూడా వేసుకోలేడు.

చైన్ అరిగిందేమో స్కేలుతో కొలువు. ఒక పిన్ను మధ్య నుంచి, దాని తర్వాత వచ్చే 24వ పిన్ను మధ్య దాకా సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైన్ మార్చు. ఎనిమిదో వంతు పెరిగితే వెనక ఫ్రీవీల్ (పళ్ల చక్రాల గుత్తి) కూడా మార్చాలి, లేకుంటే కొత్త చైన్ అరిగిన పళ్ల మీద జారుతుంది. ఎక్కుడులో జారితే పడేది నువ్వే.

ఘాట్‌లో ఎత్తు మొదలవకముందే గేర్ తగ్గించు. మారుస్తున్నప్పుడు పెడల్ మీద బలం వదులు. గువ్వలచెరువు కోవా దిగేటప్పుడు తిందువులే.

అటక మీద సైకిల్‌ను ఏ పక్కకు పడుకోబెట్టారో, డిరైలర్ బిగించిన హ్యాంగర్ వంగి ఉండొచ్చు. వంగితే ఎంత సరిచేసినా గేర్లు కుదరవు. వెనక నుంచి చూస్తే డిరైలర్ నిటారుగా, పళ్ల చక్రాలకు సమాంతరంగా కనబడాలి. ఆ ఫోటో ఈ రాత్రికే పంపు. నేను చూసేదాకా బయల్దేరొద్దు.

మీ మామ