ఇంజన్ మార్చి అమ్మాలా, అలాగే అమ్మేయాలా?

పోయిన చలికాలంలో ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, బండిలోంచి ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడొస్తోంది, ఏం చేయను?" ముందు ఇంజన్ ఆపమన్నాను, తర్వాత డిప్‌స్టిక్ తీసి ఫొటో పెట్టమన్నాను. ఆయిల్ కొసకి కూడా అంటలేదు. అమెరికా వచ్చి ఏడు నెలలు, ఇద్దరు ముగ్గురి చేతులు మారిన సెడాన్, కొన్న దగ్గర్నుంచీ ఒక్కసారీ బానెట్ ఎత్తి చూడలేదట. మెకానిక్ దగ్గరికి టో చేయిస్తే, ఇంజన్ పోయింది, మార్చాల్సిందే అన్నాడు. మనవాడు ప్లాన్ కూడా వేసేసుకున్నాడు: ఇంజన్ వేయించి, 'కొత్త ఇంజన్' అని ప్రకటన పెట్టి, మంచి రేటుకి అమ్మేయడం.

ఆ ప్లాన్ నేనూ వేసినవాణ్ణే కాబట్టి వాణ్ణి కూర్చోబెట్టి లెక్క వేయించాను. బండి బాగున్నప్పుడు ఆరు వేల డాలర్లు చేసేది. ఉన్నదున్నట్టు అమ్మితే పదిహేను వందలు వస్తాయి. ఇంజన్, కూలి కలిపి నాలుగు వేల ఎనిమిది వందలని షాపు వాళ్ల అంచనా. వేయించి ఆరు వేలకి అమ్మినా మిగిలేది పన్నెండు వందలు. అంటే మూడు వారాలు బండి లేకుండా తిరిగి, చేతి నుంచి మూడు వందలు పోగొట్టుకోవడం. పాత బండికి కొత్త ఇంజన్ వేసినా అది పాత బండే. సీట్లూ, గేర్‌బాక్సూ, తుప్పూ అన్నీ చూసే కొనేవాడు ధర చెబుతాడు.

కాబట్టి నా మాట ఒకటే: ఇంకో మూడేళ్లు మీరే నడుపుతారంటే ఇంజన్ వేయించండి. అమ్మడానికే అయితే వద్దు.

అయితే ఈ లెక్క వేసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఇంజన్ ఊరికే వచ్చే అవకాశం ఉందేమో చూడండి. బండి విన్ నంబర్, అంటే బండిని గుర్తించే ఆ 17 అక్షరాలూ అంకెలూ, రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే పెండింగ్‌లో ఉన్న సేఫ్టీ రీకాల్స్, అంటే కంపెనీ ఊరికే బాగుచేయాల్సిన భద్రతా లోపాలు, కనిపిస్తాయి. కంపెనీ విడిగా పొడిగించిన వారంటీలు అక్కడ కనిపించవు, వాటికోసం ఆ బ్రాండ్ డీలర్ సర్వీస్ వాళ్లకి ఫోన్ చేయాల్సిందే. హ్యుందాయ్, కియాల్లో 2.0, 2.4 లీటర్ల థీటా టూ ఇంజన్ల సంగతి చాలామందికి తెలిసిందే. కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోయి ఇంజన్ పట్టేసేది. కోర్టు కేసుల తర్వాత 2011-2019 మోడల్ సొనాటా, ఆప్టిమా లాంటి బండ్లలో ఈ లోపానికి షార్ట్ బ్లాక్ (ఇంజన్ కింది ప్రధాన భాగం) మీద లైఫ్‌టైమ్ వారంటీ ఇచ్చారు. రెండో ఓనర్‌కీ వర్తిస్తుంది. కాకపోతే ఇంజన్‌లో తేడా చప్పుడుని ముందే పసిగట్టడానికి కంపెనీ చెప్పిన నాక్ సెన్సర్ అప్‌డేట్ చేయించి ఉండాలి, ఆయిల్ మార్పించిన రసీదులు అడగొచ్చు.

అదే కంపెనీల మామూలు వారంటీ దగ్గర మనవాళ్లు బోల్తా పడుతుంటారు. '10 ఏళ్లు, లక్ష మైళ్లు' అనేది మొదటి ఓనర్‌కి మాత్రమే. మామూలుగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లకి అది 5 ఏళ్లు, 60 వేల మైళ్లకి దిగిపోతుంది. ఇన్సూరెన్స్ ఇస్తుందిగా అనుకోకండి, ఇంజన్ అరిగిపోతే మామూలు పాలసీలో పైసా రాదు.

ఇక వేయించాలనే నిర్ణయించుకుంటే, 'ఇంజన్' అన్న ఒక్క మాటతో ఒప్పుకోకండి. జంక్‌యార్డ్ నుంచి తెచ్చిన వాడిన ఇంజన్ వేరు, విప్పి అరిగినవి మార్చిన రీబిల్ట్ వేరు, కొలతల ప్రకారం మళ్లీ తయారుచేసిన రీమాన్యుఫాక్చర్డ్ వేరు. ధరా వారంటీ ఆ వరసలోనే పెరుగుతాయి. వారంటీ విడిభాగానికేనా, కూలికి కూడానా అని అడగండి. నేను అడగలేదు. రెండో నెలలో ఆయిల్ కారడం మొదలైంది, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. షాపువాడు సీల్ ఊరికే ఇచ్చి, ఇంజన్ మళ్లీ దించినందుకు పూర్తి కూలి గుంజాడు. ఇంజన్ వెనక ఆయిల్ కారకుండా ఆపే ఆ రేర్ మెయిన్ సీల్ ఇంజన్ బయట ఉన్నప్పుడే మార్పిస్తే వేళ్లమీద లెక్కపెట్టే డాలర్లతో పోయేది. వాటర్ పంపు, థర్మోస్టాట్, ఇంజన్ మౌంట్లు కూడా అప్పుడే వేయించుకోవాలి. పాత ఇంజన్ వెనక్కిస్తే తిరిగిచ్చే కోర్ డిపాజిట్ ఉంటే అది బిల్లులో విడిగా రాయించండి.

కాలిఫోర్నియాలో ఉంటే ఇంకో జాగ్రత్త. వేసే ఇంజన్ బండి మోడల్ సంవత్సరానిదో, అంతకంటే కొత్తదో అయి ఉండాలి, దాని పొగ నియంత్రణ సామాను అంతా ఉండాలి. చవగ్గా వస్తుందని జపాన్ నుంచి దిగిన ఇంజన్ వేయిస్తే స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) దగ్గర దొరికిపోవచ్చు. అక్కడ అమ్మేటప్పుడు ఆ స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాడే.

మన దగ్గర ఆర్సీ మీద ఇంజన్ నంబర్ కూడా ఉంటుంది, మార్చితే ఆర్టీఓ దగ్గర ఎక్కించుకోవాలి. ఇక్కడ మామూలుగా టైటిల్ (బండి మీదని చూపే పత్రం) నడిచేది విన్ మీదే. ఓడోమీటర్ కూడా బండిదే, ఇంజన్‌ది కాదు. నా బండి లక్షా ముప్పై వేలు తిరిగింది, వేసిన ఇంజన్ అరవై వేలది. టైటిల్ మీద అరవై వేలు రాయొచ్చు కదా అని ఒక మిత్రుడు అమాయకంగానే అడిగాడు. అది ఫెడరల్ నేరం. ఓడోమీటర్‌లో ఉన్నదే రాయాలి. ఇంజన్ సంగతి విడిగా చెప్పండి: ఏ రకం, ఎన్ని మైళ్లది, ఏ తేదీన, బండి ఎన్ని మైళ్ల దగ్గర వేశారు. విన్ నంబర్ ఉన్న బిల్లు కొనేవాడి చేతిలో పెట్టండి. 'కొత్త ఇంజన్' అనే మాట, నిజంగా కొత్తది అయితే తప్ప, వాడకండి. ఆ బిల్లు చూశాకే నా బండి కొన్నాయన బేరం ఆపి డబ్బు లెక్కపెట్టాడు.

డబ్బు తీసుకోవడం కొనేవాడి బ్యాంకులోనే పెట్టుకోండి, బ్యాంకు ఇచ్చినట్టు కనిపించే దొంగ క్యాషియర్ చెక్కులు చాలా తిరుగుతుంటాయి. టైటిల్ మీద కొట్టివేతలు చేయకండి, డబ్బు అందకుండా సంతకం పెట్టకండి. లాభం బాగుందని పాడైన బండ్లు కొని బాగుచేసి అమ్మే పని హెచ్‌వన్ వీసా మీద మొదలుపెట్టకండి, అది వ్యాపారం కిందకొస్తుంది. సొంత బండి అమ్ముకోవడానికి ఇబ్బంది లేదు.

మన కుర్రాడు బండిని ఉన్నదున్నట్టే పద్నాలుగు వందలకి ఇచ్చేశాడు. కొన్నాయన సొంత గరాజ్‌లో ఇంజన్లు దించేవాడు, ట్రక్కు తెచ్చుకుని లాక్కెళ్లాడు. వాడుండేది టెక్సస్‌లో, అక్కడ ఇలా నేరుగా అమ్మినప్పుడు నంబర్ ప్లేట్లు అమ్మినవాడు తీసి ఉంచుకోవచ్చు. వాటిని ఊడదీసుకున్నాడు గానీ, అమ్మినట్టు డీఎంవీకి (మన ఆర్టీఓ లాంటి ఆఫీసుకి) నోటీసు పంపడం మర్చిపోయాడు. రాత్రి పదకొండుకి నేను ఫోన్ చేసి గుర్తుచేస్తే ఆన్‌లైన్‌లో పంపి, స్క్రీన్‌షాట్ పెట్టి పడుకున్నాడు.