మీ ప్రశ్న – మా జవాబు: కేర్ హోమ్‌లో తొలి రోజులు

ప్రశ్న: మా అత్తయ్యకు 76 ఏళ్ళు, సొంతూరు అనంతపురం. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) మొదటి దశ అన్నారు డాక్టరు. బీపీ, థైరాయిడ్ ఉన్నాయి. వచ్చే నెల బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర కేర్ హోమ్‌లో చేరుస్తున్నాం. రెండు వారాలు మమ్మల్ని రావద్దంటున్నారు హోమ్ వాళ్ళు. ‘నాలుగు రోజులే’ అని చెప్పి దింపి రమ్మంటున్నారు చుట్టాలు. అక్కడి ఆయాలకు తెలుగు రాదు. ఎలా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: ఆ రెండు సలహాలూ వద్దు. ‘నాలుగు రోజులే’ అన్నమాట ఆవిడ మరిచిపోవచ్చు, కానీ ఎవరో మోసం చేశారన్న బాధ మాత్రం మనసులో ఉండిపోతుంది. ‘ఇక్కడ రాత్రిపూట కూడా నర్సు ఉంటుంది అత్తయ్యా, నేను ఎల్లుండి పొద్దున వస్తాను’ అనండి. అన్నట్టే వెళ్ళండి. పదకొండింటికి వెళ్ళి, భోజనాలు వడ్డించే వేళకు లేవండి. ఆవిడ కంచం ముందు కూర్చుని ఉంటారు కనుక మీరు బయల్దేరడం అంత బాధించదు. సాయంత్రాలు మాత్రం వద్దు. పొద్దు వాలేకొద్దీ డిమెన్షియా ఉన్నవాళ్ళలో అయోమయం, కంగారు పెరుగుతాయి. ‘ఇంటికి తీసుకుపో’ అంటే ‘ఇకమీదట ఇదే మీ ఇల్లు’ అని వాదించకండి. ఆవిడ అడుగుతున్నది మీ ఫ్లాటు కాకపోవచ్చు, చిన్ననాటి అనంతపురం ఇల్లు కావచ్చు. ఆ ఇంటి సంగతులే అడగండి, చెప్పనివ్వండి.

భాషకు ఒక కాగితం చాలు. ఆవిడ నోట వచ్చే మాటలు పది, వాటి అర్థం కన్నడంలోనూ హిందీలోనూ రాసి అల్మారా తలుపుకు లోపలివైపు అంటించండి. ‘ఒంటికెళ్ళాలి’ అంటే బాత్‌రూమ్‌కని అక్కడి ఆయాకు తట్టదు. ఆ మాట అందక పక్క తడిసిందంటే మరునాటి నుంచి డైపర్ వేసేస్తారు, ఉన్న అలవాటు కూడా పోతుంది. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ ఎదుట ‘తలె సుత్తు’ అనీ, ‘నొప్పి’ ఎదుట ‘నోవు’ అనీ రాయండి. ఏ చెవి బాగా వినబడుతుందో, స్నానం ఏ వేళకు అలవాటో కూడా అందులోనే ఉండాలి.

అసలు పొరపాట్లు జరిగేది మందుల దగ్గర. చాలా హోముల్లో పొద్దుటి మాత్రలన్నీ ఒకే చిన్న కప్పులో వేసి టిఫిన్ తర్వాత ఇస్తారు. థైరాయిడ్ మాత్ర అలా వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. పరగడుపున నీళ్ళతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగాలి. కాల్షియం మాత్ర ఉంటే రెండింటికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఈ మాట నర్సుకు నోటితో చెప్పి వదిలేయకండి, డాక్టరు చీటీలో రాయించండి. మాత్రలు డబ్బాల్లో సర్దివ్వకుండా, పేరూ గడువు తేదీ కనబడే స్ట్రిప్పులతోనే ఇవ్వండి. రాత్రి నిద్రపోవడం లేదని నిద్రమాత్ర మొదలుపెడతామంటే ముందు మీ డాక్టరుతో మాట్లాడమనండి. ఈ వయసులో వాటితో అయోమయం పెరుగుతుంది, పడిపోయే ప్రమాదమూ ఎక్కువే.

ఇంట్లో మంచం ఏ పక్కనుంచి దిగుతారో చూసుకోండి. అక్కడ కూడా ఆ పక్కే ఖాళీగా ఉండి, బాత్‌రూమ్ దారి అటే కనబడేలా మంచం జరిపించండి. చిన్న రాత్రి దీపం, మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పులు కావాలి. ఆవిడ వాడుతున్న దుప్పటి, దిండు గలీబు, స్టీలు గ్లాసు వెంట పంపండి, కొత్తవి కొనకండి. దేవుడి పటం దగ్గర నూనె దీపం ఒప్పుకోరు కనుక బ్యాటరీ దీపం పెట్టండి. నగలు ఇంట్లోనే ఉంచండి. చీరలు, లంగాలు, కళ్ళజోడు పెట్టె, కట్టుడు పళ్ళ డబ్బా, అన్నిటి మీదా చెరగని మార్కరుతో పేరు రాయండి. బట్టలన్నీ కలిపే ఉతుకుతారు.

మొదటి వారం సరిగా తినకపోతే బెంగ ఒక్కటే కారణం కాదు. బెంగళూరు సాంబారులో బెల్లం తగిలితే మన సీమవాళ్ళకు ముద్ద దిగదు. కంది పొడి ఇచ్చి రండి. బీపీ ఉంది కాబట్టి ఊరగాయ సీసా మాత్రం నర్సు చేతికే. వారానికోసారి బరువు చూసి రాయమనండి.

ఒక్కటి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకట్రెండు రోజుల్లో మగతగానో, మాట పొంతన లేకుండానో అయిపోతే ‘కొత్త చోటు కదా’ అని ఊరుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నీళ్ళు తాగకపోవడం, రక్తంలో సోడియం తగ్గడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపించమనండి. బాత్‌రూమ్‌కు లేవలేక నీళ్ళు మానేసేవాళ్ళు చాలామంది.

ప్రశ్న: మా నాన్నగారు 82 ఏళ్ళ పెన్షనరు, కేంద్ర ప్రభుత్వోద్యోగం చేశారు. హోమ్‌లో ఉన్నారు, కదల్లేరు. లైఫ్ సర్టిఫికెట్‌కు బ్యాంకుకు తీసుకెళ్ళాలా?
– ఒక పాఠకుడు, కె.ఆర్. పురం

జవాబు: అక్కర్లేదు. లైఫ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ముఖం గుర్తించే పద్ధతి ఉంది, మీ మొబైల్‌తో ఆయన మంచం దగ్గరే చేయొచ్చు. వేలిముద్రలు అరిగిపోయినవాళ్ళకు ఇదే మేలు. ముఖం మీద వెలుతురు పడాలి, కళ్ళజోడు తీయాలి, కన్ను ఆర్పమన్నప్పుడు ఆర్పాలి. అందుకని నిద్ర మత్తు లేని వేళ చూసుకోండి. 80 దాటినవాళ్ళు నవంబరు దాకా ఆగనక్కర్లేదు, అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు.

ప్రశ్న: హోమ్ వాళ్ళు చెప్పిన ఫీజు ఒకటి, నెలనెలా బిల్లు ఇంకొకటి. ఎవరికి చెప్పుకోవాలి?
– ఒక పాఠకురాలు, హెచ్ఎస్ఆర్ లేఔట్

జవాబు: ముందు ఒప్పందం తీసి చూడండి. డైపర్లు, ఫిజియోథెరపీ, డాక్టరు రాక, ఆసుపత్రిలో తోడు మనిషి ఖర్చు సాధారణంగా ఫీజులో కలవవు. ఏది ఎంతో విడివిడిగా రాసిమ్మనండి. డిపాజిట్ తిరిగిచ్చే గడువు కూడా రాయించుకోండి. దానికీ ఒప్పుకోకపోయినా, అక్కడున్న మీ పెద్దవాళ్ళను సరిగా చూడటం లేదనిపించినా, వృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేయండి. కాల్ ఉచితం.