ఆ పది నిమిషాలకు ఇంట్లో చోటుందా?

ప్రశ్న: మాది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్లుగా బెంగళూరులో మారతహళ్లిలో ఉంటున్నాం. నా భార్య వైద్యురాలు. జే-1 వీసా మీద చికాగోలో ఆమె చేస్తున్న రెసిడెన్సీ (ఆసుపత్రిలో చేసే వైద్య శిక్షణ) వచ్చే జూన్‌తో పూర్తవుతుంది. తరువాత మూడేళ్లు పనిచేయడానికి దక్షిణ కాన్సస్‌లో ఆరు వేల జనాభా ఉన్న ఒక ఊరి ఆసుపత్రి ముందుకు వచ్చింది. ఏడేళ్ల పాపను, డెబ్బై ఏళ్ల మా అమ్మను తీసుకుని నేనూ అక్కడికి వెళ్లాలనుకుంటున్నాను. ఆ ప్రాంతంలో టోర్నడోలనే భీకర సుడిగాలులు వస్తాయని తెలిసినప్పటి నుంచి అమ్మ వద్దంటోంది. 1977 ఉప్పెనను కళ్లారా చూసిన మనిషి ఆమె. పైగా మోకాళ్ల నొప్పులు. ఆసుపత్రి దగ్గర తక్కువ అద్దెకు మొబైల్ హోమ్ అనే తేలికపాటి ఇల్లు ఒకటి ఉంది. నెలకు 400 డాలర్లు ఎక్కువ పెడితే బేస్‌మెంట్, అంటే ఇంటి కింద నేలలోపల గది, ఉన్న పాత ఇల్లు దొరుకుతుంది. అవి రెండూ కాదనుకుంటే 70 కిలోమీటర్ల దూరంలోని నగరంలో అపార్ట్‌మెంట్ తీసుకుని నా భార్య రోజూ కారులో వెళ్లి రావాలి. అసలు వెళ్లవచ్చా? వెళితే ఎక్కడ ఉండాలి?

— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వెళ్లండి. అయితే మొబైల్ హోమ్‌లో మాత్రం దిగకండి. బేస్‌మెంట్ ఉన్న పాత ఇల్లే తీసుకోండి. చెన్నైలో స్థిరపడక ముందు నేను కాన్సస్‌లోనే ఒక చిన్న ఊరి కళాశాలలో నాలుగేళ్లు పాఠాలు చెప్పాను కనుక ఈ మాట కొంత చనువుతో చెబుతున్నాను.

ముందుగా మీ అమ్మగారి సంగతి. 1977 నవంబరు 19న దివిసీమలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోగా చూసిన మనిషికి గాలి అంటే ఉండే భయాన్ని చాదస్తమని తోసిపుచ్చడం తప్పు. ఆ భయానికి సరైన కొలత ఇవ్వడం మీ పని. మన తుఫాను వందల కిలోమీటర్ల మేర విస్తరించి, సముద్రం మీద రోజుల తరబడి కదిలి వస్తుంది. బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేసిన తరువాత కూడా మూటాముల్లె సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. వచ్చిందంటే మాత్రం జిల్లా మొత్తాన్ని ముంచుతుంది. టోర్నడో ఇందుకు పూర్తిగా భిన్నమైనది. మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే తేమగాలి, పడమటి నుంచి వచ్చే పొడిగాలి అమెరికా నడిమి మైదానాల మీద కలిసినప్పుడు, పైన వేరే దిశలో వేరే వేగంతో వీచే గాలి వల్ల ఉరుముల మేఘం లోపలే సుడి తిరగడం మొదలై, అది నేలను తాకినప్పుడు టోర్నడో అవుతుంది. చాలావాటి వెడల్పు కొన్ని వందల మీటర్లకు మించదు, ఆయుష్షు కొన్ని నిమిషాలే. అది పోయిన దారిలో ఇల్లు నేలమట్టమైనా, రెండు వీధుల అవతల తులసికోట చెక్కుచెదరకుండా ఉండవచ్చు.

అమెరికా మొత్తం మీద ఏటా సుమారు 1,200 టోర్నడోలు వస్తాయి. వాటి తీవ్రతను సున్నా నుంచి అయిదు వరకు చెప్పే ఈఎఫ్ కొలమానంలో అత్యధిక భాగం ఈఎఫ్-0, ఈఎఫ్-1 అనే బలహీనమైన తరగతులవే. గంటకు 320 కిలోమీటర్లు దాటిన గాలితో వచ్చే ఈఎఫ్-5 చాలా అరుదు. కనుక ఆ మూడేళ్లలో మీ ఇంటి మీదికే పెద్ద టోర్నడో వచ్చే అవకాశం చాలా తక్కువ. కానీ ఆ లెక్క చూసుకుని నిశ్చింతగా ఉండమని నేను చెప్పను. వస్తే ఎక్కడ దాక్కుంటారన్న ప్రశ్నకు జవాబు ముందే ఉండాలి.

కాన్సస్‌లోనే గ్రీన్స్‌బర్గ్ అనే ఊరు ఉంది, అప్పట్లో దాని జనాభా సుమారు పదిహేను వందలు. 2007 మే 4 రాత్రి రెండున్నర కిలోమీటర్లకు పైగా వెడల్పున్న ఈఎఫ్-5 టోర్నడో ఆ ఊరిలో నూటికి తొంభై అయిదు వంతులు నేలమట్టం చేసింది. ఆసుపత్రి కూడా మిగలలేదు. అంతటి విధ్వంసంలోనూ చనిపోయినవారు పది పన్నెండు మందే. సైరన్ ముందుగా మోగింది, జనానికి దిగడానికి బేస్‌మెంట్లు ఉన్నాయి. దీని పక్కన ఆండోవర్‌ను పెట్టి చూడండి. అది కూడా కాన్సస్‌లోనే, విచిటా నగర శివారు. 1991 ఏప్రిల్ 26న అక్కడ టోర్నడోకు బలైన 17 మందిలో 13 మంది ఒకే మొబైల్ హోమ్ పార్కులో పోయారు. ఆ పార్కులోనే ఉన్న షెల్టర్‌లోకి ముందుగా చేరినవారు బతికారు. ఇది చదివితే మీ అమ్మగారికి వెంటనే అర్థమవుతుంది. ఉప్పెన తరువాత మన కోస్తా పొడవునా తుఫాను షెల్టర్లు కట్టింది కూడా ఇందుకే కదా.

మొబైల్ హోమ్ అంటే చక్రాల బండి కాదు. కర్మాగారంలో తయారుచేసి తెచ్చి స్థలంలో నిలబెట్టిన తేలికపాటి ఇల్లు. లోపల చూడముచ్చటగా ఉంటుంది, వంటగది కూడా విశాలంగా ఉంటుంది. కానీ నేలకు ఉక్కు పట్టీలతో బిగించినా పెద్దగాలికి మొత్తంగా దొర్లిపోతుంది. అందులో ఏ మూల కూర్చున్నా రక్షణ లేదు, హెచ్చరిక రాగానే బయటికి పరుగెత్తాల్సిందే. అమ్మగారి మోకాళ్లతో, నిద్రలో ఉన్న పాపతో, అర్ధరాత్రి వడగళ్ల వానలో ఆ పరుగు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. నెలకు 400 డాలర్ల ఆదా దాని ముందు ఎందుకూ పనికిరాదు.

నగరంలో ఉండి రోజూ వెళ్లి రావడం సురక్షితమన్న ఆలోచన కూడా నాకు సరైనదిగా తోచదు. నగరమని టోర్నడో తప్పుకుపోదు. ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక నష్టం ఎక్కువే అవుతుంది. పైగా అక్కడ టోర్నడోలు ఎక్కువగా వచ్చేది మధ్యాహ్నం దాటిన తరువాత, చీకటి పడే వరకు. సరిగ్గా అదే సమయంలో మీ శ్రీమతి 70 కిలోమీటర్ల రోడ్డు మీద కారులో ఉంటారు. మొబైల్ హోమ్ లాగే కారు కూడా టోర్నడోకు దొరకకూడని చోటు. వంతెన కింద ఆపితే క్షేమమని కొందరు నమ్ముతారు. అక్కడ గాలి ఇంకా ఉరవడిగా దూసుకువస్తుంది, ఆ నమ్మకంతో ప్రాణాలు పోయినవారు ఉన్నారు.

ఇక హెచ్చరికల విషయం. టోర్నడో వాచ్, టోర్నడో వార్నింగ్ అనే రెండు మాటలకు తేడా ఇంటిల్లిపాదికీ కంఠతా రావాలి. వాచ్ అంటే రానున్న కొన్ని గంటల్లో ఆ విశాల ప్రాంతంలో టోర్నడోలు పుట్టడానికి పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని అర్థం. దాన్ని ఓక్లహామాలోని నార్మన్‌లో ఉన్న తుఫానుల అంచనా కేంద్రం ప్రకటిస్తుంది. వార్నింగ్ అంటే సుడి రాడార్‌లో కనిపించిందని, లేదా ఎవరో కళ్లతో చూశారని, వెంటనే దాక్కోవాలి. వార్నింగ్‌కూ గాలికీ మధ్య సగటున పది నిమిషాలు, అటూ ఇటూగా, దొరుకుతాయి. ఊరి సైరన్‌ను నమ్ముకుని పడుకోకండి. అది ఆరుబయట ఉన్నవారి కోసం పెట్టింది, తలుపులు బిగించుకుని నిద్రపోయే మనిషికి వినబడకపోవచ్చు. హెచ్చరిక రాగానే తనంతట తానే మోగే, బ్యాటరీతో కూడా నడిచే వాతావరణ రేడియో ఒకటి కొని పడకగదిలో పెట్టండి.

మాకు ఆ రేడియో మొదటిసారి మోగింది ఒక మే నెల రాత్రి ఒంటిగంటన్నరకు. నా భార్య దేవుడి గూట్లోంచి వెంకటేశ్వరస్వామి పటం తీసుకుని ముందు దిగింది, నేను టార్చి కోసం వెతికి వెనుక దిగాను, ఇద్దరమూ చెప్పులు మరిచిపోయాం. ఆ చల్లటి సిమెంటు నేల మీద అరగంట సేపు ఒంటికాలి మీద మార్చి మార్చి నిలబడుతూ, పైన కప్పు మీద వడగళ్లు రాళ్లు విసిరినట్టు పడుతుంటే వింటూ ఉన్నాం. టోర్నడో ఊరికి దూరంగా గోధుమ చేలలోంచి పోయింది. తెల్లవారి చూస్తే పెరట్లో నిమ్మకాయలంత వడగళ్లు ఇంకా కరగలేదు, కారు అద్దం నెర్రెలిచ్చింది. ఆ రోజు నుంచి బేస్‌మెంట్ చివరి మెట్టు మీద రెండు జతల పాత బూట్లు, నీళ్ల సీసాలు, మందుల డబ్బా ఎప్పుడూ ఉండేవి. గాలి వెలిసిన తరువాత మేకులు, గాజుపెంకుల మీద నడిచి గాయపడేవారు ఎందరో. పాపకు సైకిల్ హెల్మెట్ కూడా అక్కడే పెట్టండి, ఎందుకంటే ప్రాణాలు తీసేది చాలావరకు ఎగిరివచ్చే చెక్కలూ ఇటుకలే. కిటికీలు తెరిచిపెడితే ఇల్లు నిలబడుతుందని ఎవరైనా చెబితే నమ్మి సమయం పోగొట్టుకోకండి.

వడగళ్లకు కారు దెబ్బతినడం అక్కడ మామూలు విషయం కనుక కారు బీమాలో ఆ నష్టం కూడా చేరేలా చూసుకోండి.

అమ్మగారిని ఎప్పుడు తీసుకువెళ్లాలన్నది నిజానికి మీ చేతిలో ఉన్న విషయం. విజిటర్ వీసా మీద ఒక విడతకు సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు. కాన్సస్‌లో టోర్నడోల ఉధృతి ఏప్రిల్ నుంచి జూన్ వరకు. మే నెల అన్నింటికన్నా ఎక్కువ. ఆగస్టులో తీసుకువెళ్లి, మంచు గడ్డకట్టే రోజులు ముదరక ముందే తిప్పి పంపితే ఆమె ఈ రెండింటికీ దూరంగా మనవరాలి దగ్గర హాయిగా నాలుగు నెలలు గడపవచ్చు. మిగతా నెలల్లో కూడా టోర్నడో రాదని హామీ లేదు, కానీ భయం చాలా తగ్గుతుంది.

మీ శ్రీమతి ఒప్పందం మీద సంతకం చేసే ముందు ఒక్క మాట గుర్తుంచుకోండి. జే-1 మీద శిక్షణ పొందిన వైద్యులు ఆ తరువాత రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నియమం నుంచి మినహాయింపు పొంది చేరినవారు మూడేళ్లు అక్కడే పనిచేయాలి. ఇల్లు నచ్చలేదని మధ్యలో వెళ్లిపోవడం తేలిక కాదు. మీరు ఆమెకు తోడుగా వెళ్లే కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద వెళితే వెంటనే ఉద్యోగం చేయడానికి అనుమతి ఉండదు, ఆ సంగతి మీ ఇంట్లో గాలి కన్నా ముందు మాట్లాడుకోవలసినది. చిన్న ఊళ్లకు వైద్యులు దొరకడం కష్టం కనుక ఇంటి విషయంలో సాయం చేయమని ఆసుపత్రిని అడగడంలో తప్పు లేదు. బేస్‌మెంట్ మెట్లు అమ్మగారికి మరీ నిటారుగా ఉంటే, గ్యారేజీ కాంక్రీటు నేలకు బిగించే ఉక్కు సేఫ్ రూమ్ పెట్టించమని ఇంటి యజమానితో మాట్లాడించండి. అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా ప్రమాణాల ప్రకారం కట్టిన సేఫ్ రూమ్ గంటకు 400 కిలోమీటర్ల గాలికి కూడా తట్టుకునేలా ఉంటుంది, దానికి మెట్లు దిగే పని లేదు.

ఇల్లు చూడటానికి మీ శ్రీమతి చికాగో నుంచి వెళ్లినప్పుడు, చీకటి పడేదాకా ఆగి, దీపాలన్నీ ఆర్పేసి, పాప పడుకోబోయే గది నుంచి బేస్‌మెంట్ చివరి మెట్టు దాకా అమ్మగారి నడకతో నడిచి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోమనండి. మూడు దాటకపోతే అడ్వాన్సు ఇచ్చేయమనండి.