జీతాల పేచీలో సిబ్బంది కొరత మాటెందుకు?

ప్రశ్న: బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సులు, వైద్యులు 2022 చివరి నుంచి పలుమార్లు సమ్మెకు దిగారు. ప్రతిసారీ జీతాలతో పాటు సిబ్బంది కొరతనూ ప్రస్తావించారు. అడిగేది జీతమే అయినప్పుడు కొరత మాట ప్రజల సానుభూతి కోసమే కాదా?

జవాబు: సానుభూతి కోరిక కొంత ఉండే ఉంటుంది. ఏ సంఘమైనా తన కోరికను జనం మెచ్చేలా చెప్పుకుంటుంది. అయితే అక్కడ జీతాలు నిర్ణయించే పద్ధతి తెలిస్తే ఈ రెండింటినీ విడదీయలేమని అర్థమవుతుంది. ఎన్‌హెచ్‌ఎస్‌గా పిలిచే జాతీయ ఆరోగ్య సేవలో నర్సుల జీతాలపై వేతన సమీక్షా సంఘం ఏటా ప్రభుత్వానికి సిఫారసు చేస్తుంది. కొత్తవారు చేరడానికి, ఉన్నవారు మానుకోకుండా ఉండటానికి ఎంత జీతం అవసరమో పరిశీలించడం ఆ సంఘం విధుల్లోనే ఉంది. అందువల్ల ఖాళీల లెక్క జీతాల వాదనలో ముఖ్యమైన సాక్ష్యమవుతుంది.

2022 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో 47 వేలకు పైగా నర్సు పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ఆ మరుసటి నెలలో ధరల పెరుగుదల 11.1 శాతానికి చేరింది. ఆ ఏడాది నర్సుల్లో చాలామందికి దక్కిన పెంపు సుమారు 1,400 పౌండ్లు, అంటే జీతంలో నాలుగైదు శాతమే. 1916లో ఏర్పడిన నర్సుల సంఘం రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ ఇంగ్లండ్‌లో తొలిసారి సమ్మె చేసింది ఆ డిసెంబరులోనే.

పోస్టు ఖాళీగా ఉంటే ప్రభుత్వానికి జీతం మిగులుతుందని అనుకుంటాం కానీ, వార్డులో రోగులు ఉన్నంతవరకు ఆ పని ఎవరో ఒకరు చేయక తప్పదు. కొంత పని ఉన్న నర్సుల మీదే పడుతుంది, మిగిలిన దానికి తాత్కాలిక సిబ్బందిని పంపే ప్రైవేటు ఏజెన్సీల ద్వారా మనుషులను తెచ్చుకోవాలి. 2021-22లో ఇంగ్లండ్ ఆసుపత్రులు ఏజెన్సీ సిబ్బందిపై ఖర్చు పెట్టింది దాదాపు 300 కోట్ల పౌండ్లు. అలసిపోయిన నర్సు ఉద్యోగం మానుకున్నప్పుడు ఆమె స్థానం కూడా ఇదే దారిలో నిండుతుంది. జీతానికి లేదన్న డబ్బులో కొంత మరో పద్దు కింద బయటికి పోతుందన్నమాట.

ఇంతమాత్రాన సంఘాలు చెప్పేదంతా ఒప్పుకోవాల్సిన పని లేదు. జీతం పెంచగానే నర్సులు పుట్టుకురారు, నర్సింగ్ డిగ్రీకే మామూలుగా మూడేళ్లు పడుతుంది. పైగా 2017లో బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్‌లో కొత్తగా చేరే నర్సింగ్ విద్యార్థులకు ఉపకార వేతనాలు ఎత్తివేసింది, 2020లో ఏడాదికి 5,000 పౌండ్ల సాయంతో కొంత వెనక్కి తగ్గింది. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రభుత్వం పెంపు ప్రకటించి, అందుకు తగిన నిధులు ఇవ్వకపోతే ఆసుపత్రి తన బడ్జెట్‌లోంచే సర్దుకోవాలి, సర్దుబాటుకు తేలికైన మార్గం పోస్టులు నింపకపోవడమే. కనుక ఏ ఒప్పందంలోనైనా శాతం కంటే ముందు చూడాల్సింది ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది. 2023 ఒప్పందంలో 5 శాతం పెంపుతో పాటు కనీసం 1,655 పౌండ్లు ఒకేసారి చెల్లించారు. ఇలాంటి ఏకమొత్తం మూలవేతనంలో కలవదు, మరుసటి ఏడాది పెంపు లెక్కకు రాదు. రాయల్ కాలేజ్ సభ్యులు ఆ ప్రతిపాదనను తిరస్కరించినా, సంఘాలన్నిటి ఓట్లలో మెజారిటీ అంగీకరించడంతో అదే అమలైంది.

ప్రశ్న: అసలే సిబ్బంది తక్కువైన చోట సమ్మె చేస్తే రోగుల గతేమిటి?

జవాబు: వాయిదాల బాధ నిజమే. సమ్మెలు మొదలై ఏడాది తిరగకుండానే ఇంగ్లండ్‌లో పది లక్షలకు పైగా అపాయింట్‌మెంట్లు, చికిత్సలు వాయిదా పడ్డాయి. నర్సుల తొలి సమ్మెల్లో డయాలసిస్, కీమోథెరపీ, ఐసీయూ వంటి విభాగాలను సంఘమే మినహాయించింది. ప్రాణానికి ముప్పు వస్తుందని తెలిసి కూడా ఉద్దేశపూర్వకంగా పని ఒప్పందాన్ని ఉల్లంఘించడం 1992 నాటి చట్టం ప్రకారం అక్కడ నేరం. వాయిదా పడిన మోకాలి ఆపరేషన్ ప్రాణం తీయకపోవచ్చు, కానీ నెలల తరబడి నొప్పి భరించే మనిషికి ఆ మాట ఊరటనివ్వదు. ఈ విషయంలో సంఘాలు కాస్త తేలిగ్గా మాట్లాడాయని నా అభిప్రాయం.

ప్రశ్న: ఒక నర్సుకు ఇంతమంది రోగులేనని చట్టం చేస్తే గొడవ తీరదా?

జవాబు: కొంత తీరుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి ఈ నిష్పత్తులను అమలు చేస్తోంది. వేల్స్ 2016లో, స్కాట్లాండ్ 2019లో సిబ్బంది స్థాయిపై చట్టాలు తెచ్చాయి కానీ, అందరికీ ఒకే నిష్పత్తి విధించలేదు. ఇంగ్లండ్‌లో 2014 నాటి మార్గదర్శకం, పగటి షిఫ్టులో ఒక నర్సుకు ఎనిమిదికి మించి రోగులుంటే ప్రమాద సూచనగా చూడాలని చెప్పింది తప్ప దాన్ని చట్టంగా మార్చలేదు. చట్టం ఉన్నా నర్సులు దొరకని ఆసుపత్రి చివరికి పడకలైనా మూయాలి, ఏజెన్సీనైనా పిలవాలి, లేదా జీతం పెంచి మనుషులను రప్పించుకోవాలి.