కంప్యూటర్ విప్పే అబ్బాయిని మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఏలూరులో డిప్లొమా ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) రెండో సంవత్సరం చదువుతున్నాడు. వారానికోసారి ఇంట్లో కంప్యూటర్ విప్పుతాడు. రెండు ర్యామ్ కార్డుల్లో ఒకదాన్ని వేరే స్లాట్‌లోకి మార్చి, వేగం పెరిగిందని చూపించాడు. మే నెల మధ్యాహ్నాల్లో వీడియో ఎడిటింగ్ నెమ్మదిస్తే మదర్‌బోర్డు వేడెక్కుతోందని చెప్పి, రోజూ ఉష్ణోగ్రతలు నోటుపుస్తకంలో రాశాడు. ఇదంతా రిపేరు షాపు పనే తప్ప చదువుకు పనికొచ్చేది కాదని నా భయం. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించవద్దు. అతను చేసిన పని ఏమిటో ముందు మీకు తెలిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

ర్యామ్ అంటే కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ. దాన్ని నడిపించే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. ఇళ్లలో వాడే మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో దానికి రెండు ఛానెళ్లు (డేటా నడిచే దారులు), ఒక్కో ఛానెల్‌కు 64 బిట్ల వెడల్పు ఉంటాయి. డీడీఆర్4 3200 రకం ర్యామ్ ఒక్క ఛానెల్‌లో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా అందించగలదు. రెండు ఛానెళ్లూ కలిసి పనిచేస్తే అది 51.2 జీబీ అవుతుంది. రెండు కార్డులూ ఒకే ఛానెల్‌కు చెందిన స్లాట్లలో ఉన్నా కంప్యూటర్ మామూలుగానే ఆన్ అవుతుంది, మెమరీ మొత్తం తెర మీద కనిపిస్తుంది, సాధారణంగా ఏ హెచ్చరికా రాదు. అందువల్ల సగం దారి మూసుకుపోయి ఉందన్న సంగతి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు. మీ అబ్బాయి కంట పడింది.

అయితే వేగం పెరిగిందని అతను అంటే, ఏ పనిలో, ఎంత పెరిగిందని తప్పక అడగండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో బొమ్మలు గీసే భాగం కూడా ఇదే ర్యామ్‌ను వాడుకుంటుంది కనుక, ఆటల్లోనూ వీడియో పనుల్లోనూ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఉత్తరం టైపు చేసేటప్పుడు ఏ తేడా తెలియదు. ఈ రెండు మాటలనూ అతనే మీకు చెప్పగలిగితే, విషయం అర్థం చేసుకునే చేస్తున్నాడన్నమాట.

ఇంతకంటే లోతైన ప్రశ్న ఒకటుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండే కార్డులుంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కించి రెండో స్లాట్‌లోనూ నాలుగో స్లాట్‌లోనూ పెట్టమని చాలా మాన్యువళ్లు చెబుతాయి. ఒకటి, మూడు కూడా వేర్వేరు ఛానెళ్లవే కదా, అవెందుకు వద్దు? చాలా బోర్డుల్లో ఒక ఛానెల్ తీగలు ముందుగా దగ్గరి స్లాట్‌ను తాకి, దూరపు స్లాట్ దగ్గర ముగుస్తాయి. దగ్గరి స్లాట్‌లో కార్డు పెట్టి చివరి స్లాట్ ఖాళీగా వదిలేస్తే, సిగ్నల్ ఆ మిగిలిన తీగ కొస దాకా వెళ్లి, అక్కడ తగిలి వెనక్కి వచ్చి, ఆ వెంటే వస్తున్న సిగ్నల్‌తో కలిసి దాని రూపు చెడగొడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఈ చెడుపు ఎక్కువవుతుంది. ఈసీఈలో ట్రాన్స్‌మిషన్ లైన్ల (సిగ్నళ్లను మోసే తీగల) పాఠంలో చెప్పే పరావర్తనం ఇదే. పరీక్ష కోసం బట్టీపట్టే ఆ సూత్రాన్ని మీ అబ్బాయి తన చేత్తో తాకి చూసే స్థితిలో ఉన్నాడు. ఆ పాఠాన్నీ ఈ స్లాటునూ కలిపి చదవమని అతనికి గట్టిగా చెప్పండి.

వేడి సంగతి కూడా అంతే. బోర్డుకు 12 వోల్టులు అందుతాయి. ప్రాసెసర్‌కు కావలసింది ఇంచుమించు 1.2 వోల్టులు. ఆ తగ్గింపు పని ప్రాసెసర్ పక్కనే ఉండే వీఆర్‌ఎం అనే భాగం చేస్తుంది. ప్రాసెసర్ 120 వాట్లు వాడుతుంటే సుమారు 100 ఆంపియర్ల కరెంటు అందులోని మాస్ఫెట్లనే చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్‌ల గుండా ప్రవహించాలి, కాబట్టి అక్కడ నూటికి పదివంతులు వృథా అయినా అదంతా వేడిగానే బయటపడుతుంది. ప్రాసెసర్‌తో పాటు వచ్చే మామూలు ఫ్యాన్ గాలిని కిందికి, బోర్డు మీదికి కొడుతుంది కనుక వీఆర్‌ఎంకు కూడా కొంత చల్లదనం అందుతుంది. దాన్ని తీసేసి ఖరీదైన లిక్విడ్ కూలర్ పెట్టిన చోట ప్రాసెసర్ చల్లబడినా, క్యాబినెట్‌లో వేరే గాలి ఆడకపోతే వీఆర్‌ఎం ఉడికిపోతుంది.

ఆ నోటుపుస్తకాన్ని ఒకసారి చూడండి. అందులో గది ఉష్ణోగ్రతకు ఒక గడి ఉందా? గది వేడి 10 డిగ్రీలు పెరిగితే, అదే పని చేస్తున్న బోర్డు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఉదాహరణకు జనవరిలో 62, మే నెలలో 78 డిగ్రీలు అని రాసి ఉంటే, ఆ రెంటి మధ్య గది వేడి ఎంత మారిందో తెలియకపోతే, లోపం ఫ్యాన్‌దో, దుమ్ముదో, ఎండదో చెప్పలేము. గది వేడిని తీసేసి మిగిలిన తేడాను పోల్చుకోవడం అలవాటైతే, రిపేరు చేసేవారికీ ఇంజినీరుకూ మధ్యనున్న దూరంలో అతను చాలా భాగం దాటినట్లే. నేను ఈ పిల్లవాడిలో చూస్తున్న బలం విప్పడం కాదు, రాసిపెట్టడం.

ఇక దారి. డిప్లొమా పూర్తిచేసి ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరంలో చేరడం అతనికి అన్నిటికంటే తగినదని నా అభిప్రాయం. ఈసెట్‌లో 200 మార్కులకు 50 గణితానివే కనుక ఆ సాధన ఇప్పుడే మొదలుపెట్టాలి. ఆ తరువాత సిగ్నల్ ఇంటెగ్రిటీ (సిగ్నల్ రూపు చెడకుండా చూడడం), మెమరీ వ్యాలిడేషన్ (మెమరీ సరిగా పనిచేస్తోందో పరీక్షించడం), పవర్ సర్క్యూట్ల డిజైన్ అతని అభిరుచికి దగ్గరి రంగాలు. మెమరీ తయారీ సంస్థ మైక్రాన్ 2019లో హైదరాబాద్‌లో తన కేంద్రాన్ని ప్రారంభించింది. ప్రాసెసర్లు రూపొందించే సంస్థ ఏఎండీకి కూడా అక్కడ డిజైన్ కేంద్రం ఉంది. వెంటనే ఉద్యోగం అవసరమైతే ఏడాది టెక్నీషియన్ అప్రెంటిస్‌షిప్ చేసి పెద్ద సర్వర్ కంప్యూటర్లు నడిచే డేటా సెంటర్ల వైపు వెళ్లవచ్చు. ఏఎండీ 2022లో తెచ్చిన ఎపిక్ 9004 సర్వర్ ప్రాసెసర్‌కు 12 మెమరీ ఛానెళ్లు ఉన్నాయి. ఇంట్లో రెండు ఛానెళ్ల దగ్గర పడిన జాగ్రత్తే అక్కడ పన్నెండింటి దగ్గర పడాలి. కొద్ది వారాల్లో ఉద్యోగం గ్యారంటీ అనే హార్డ్‌వేర్ కోర్సులకు మాత్రం డబ్బు కట్టవద్దు.

ప్రస్తుతానికి గదిలో వేలాడదీసే చిన్న థర్మామీటరు ఒకటి కొనివ్వండి. విప్పే ముందు ప్లగ్ తీయాలనీ, పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎన్నడూ తెరవకూడదనీ మాట తీసుకోండి. వేసవిలో నీళ్ల కూలర్ గాలిని నేరుగా తెరిచిన క్యాబినెట్ మీదికి తిప్పితే తేమ బోర్డుకు చేరుతుంది. దాని బదులు టేబుల్ ఫ్యాన్ చాలు.