‘ఆన్ యువర్ లెఫ్ట్’ అంటే ఎడమకు జరగమని కాదు

ప్రశ్న: మాది తెనాలి. అమ్మాయి పురిటికని వర్జీనియాలోని ఆష్‌బర్న్ వచ్చి మూడు నెలలైంది. సాయంత్రాలు నేనూ మావారూ, ఇక్కడే పరిచయమైన మరో తెలుగు జంటా కలిసి ఇంటి దగ్గరున్న డబ్ల్యూ అండ్ ఓడీ ట్రయిల్ మీద నడుస్తాం. పోయిన వారం వెనక నుంచి ఒకతను సైకిల్ మీద వస్తూ "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరిచాడు. ఎడమకు జరగమంటున్నాడు కాబోలని మావారు గబుక్కున ఎడమకు జరిగారు. సైకిల్ ఆయన భుజానికి రాసుకుంటూ గడ్డిలోకి వెళ్లిపోయింది, అతను విసుక్కుంటూ పోయాడు. అప్పటి నుంచి మావారు నడకకే రానంటున్నారు. తప్పు మాదేనా?

జవాబు: ముందు ఆ మాట సంగతి చెబుతానమ్మా. "ఆన్ యువర్ లెఫ్ట్" అంటే "మీ ఎడమ పక్క నుంచి దాటి వెళ్తున్నాను" అని. జరగమనడం కాదు, తను వస్తున్నట్టు ముందే చెప్పడం, అంతే. మన దగ్గర వెనక బెల్లు మోగితే తప్పుకోమనే అర్థం, చిన్నప్పటి నుంచీ కాళ్లకు అదే అలవాటు. పైగా మనది ఎడమ పక్కన వెళ్లే దేశం, అక్కడేమో నడిచినా తొక్కినా కుడి పక్కనే ఉండాలి, దాటేవాళ్లు ఎడమ నుంచి దాటాలి. మీవారు చేసింది అజాగ్రత్త కాదని ఆయనకు గట్టిగా చెప్పండి.

ఈసారి ఆ మాట వినబడితే ఏమీ చేయకండి. వెనక్కి తిరిగి చూస్తే భుజంతో పాటు అడుగు కూడా అటే పడుతుంది. అదే వరసలో, అదే నడకతో వెళ్తూ చెయ్యి కొంచెం ఎత్తితే విన్నారని అతనికి తెలుస్తుంది.

ఆ సైకిలతనిదీ తప్పుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడు సెకనుకు ఏడు మీటర్లు వస్తాడు. పది మీటర్ల దూరంలో అరిస్తే మీకు మిగిలేది సెకనున్నర కూడా కాదు. ఆ కాస్తలో ఒక పెద్దాయన విని, పరాయి భాషలో మాటను అర్థం చేసుకుని, ఎటు పోవాలో తేల్చుకోవడం ఎలా కుదురుతుంది? ముప్పై మీటర్ల ముందే చెప్పి, విన్నారని తెలిసేదాకా వేగం తగ్గించాలి. ఇలాంటి బాటల మీద నడిచేవాళ్లకు సైకిళ్లే దారి ఇవ్వాలి.

మీరు రాయలేదు గానీ, నలుగురూ పక్కపక్కనే కబుర్లాడుకుంటూ నడుస్తున్నారేమో. ఇద్దరిద్దరుగా విడిపోయి కుడి అంచున నడవండి, ఫోను చూసుకోవాలన్నా ఆగి మాట్లాడాలన్నా గడ్డిలోకి దిగండి. మీరు నడిచే ఆ ట్రయిల్ 1968లో మూతపడిన పాత రైలు మార్గం, ఇప్పుడు 45 మైళ్ల బాట, దాని మీద సైకిల్ తొక్కుతూ ఆఫీసులకు వెళ్లొచ్చేవాళ్లూ ఉన్నారు, సాయంత్రాలు వాళ్లు ఇళ్లకు చేరే వేళ. మీవైపు తారుబాట పక్కనే చాలాచోట్ల గుర్రాలు వెళ్లే కంకర బాట కూడా ఉంటుంది. భయం తగ్గేదాకా మీవారిని దాని మీద నడిపించండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో అవుటర్ రింగు రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఆదివారాలు తొక్కుతుంటాను. ఫొటోలు దిగేవాళ్లు, పిల్లలతో నడిచేవాళ్లు అడ్డంగా ఉంటారు. బెల్లు కొడితే కోపంగా చూస్తారు. ట్రాక్ సైకిళ్లది కాదా?

జవాబు: సైకిళ్లదే. 2023 అక్టోబరులో తెరిచిన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ వేసిందే అందుకు, మీ చిరాకు అర్థమవుతుంది. కానీ చిన్నపిల్లలు కనబడ్డప్పుడు మాత్రం ఆ లెక్క పక్కన పెట్టి నడక వేగానికి దిగిపోండి, వాళ్లు ఎటు పరిగెత్తుతారో ఎవరికీ తెలియదు. ఇక బెల్లు, వీపు వెనకకు వచ్చి నాలుగుసార్లు కొడితే తిట్టినట్టే ఉంటుంది. దూరం నుంచి ఒక్కసారి కొట్టి, "కుడి పక్క నుంచి వస్తున్నానండీ" అని మామూలు గొంతుతో చెప్పి చూడండి, జరిగితే "థాంక్సండీ" అనండి. గేరు సైకిళ్లు చాలావాటికి కొన్నప్పుడు బెల్లే ఉండదు, మీతో తొక్కేవాళ్లలో లేనివాళ్లుంటే వచ్చే ఆదివారం లోపు పెట్టించుకోమనండి.