బధిరులు ప్రదర్శనలిచ్చి విరాళాలు పోగుచేసిన రోజులు

మీరు రెండు విషయాలు అడిగారు. పూర్వం బధిరులు వేదికెక్కి ప్రదర్శనలిచ్చి విరాళాలు సేకరించేవారన్న మాట నిజమేనా అన్నది ఒకటి. మీ కాలేజీలో బధిర విద్యార్థులతో అలాంటి కార్యక్రమం పెడితే వాళ్లను కించపరిచినట్టవుతుందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు, నిజమే. అమెరికాలో బధిరుల తొలి శాశ్వత పాఠశాల లేవడానికి ఆ డబ్బు తోడ్పడింది. రెండోది మాత్రం, వేదిక మీద ఏం చేయాలో ఎవరు నిర్ణయిస్తారు, వచ్చిన డబ్బు లెక్క ఎవరు చూస్తారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మా అమ్మానాన్నలిద్దరూ బధిరులు, నేను సంజ్ఞా భాష అనువాదకురాలిని. రెండు రకాల ప్రదర్శనలనూ దగ్గరి నుంచి ఎరిగినదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ ఆనవాయితీకి పారిస్‌లో పేరు వచ్చింది. అబే ద లెపే అనే మతగురువు తన ఇంట్లోనే బధిర పిల్లలకు చదువు చెప్పేవాడు. 1771 నుంచి ఆ పాఠాలను నలుగురూ వచ్చి చూడనిచ్చాడు. పిల్లలు ఫ్రెంచి, లాటిన్, ఇటాలియన్ భాషల్లో ప్రశ్నలకు జవాబులు రాసి చూపేవారు. ప్రశ్నలూ జవాబులూ ముందే సిద్ధం చేసినవే. అయినా చూసినవాళ్లు నివ్వెరపోయేవారు. వినబడనివాళ్లకు చదువు అబ్బదని నమ్మిన కాలం అది. 1777లో ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ స్వయంగా వచ్చి చూశాడు. రెండేళ్లు తిరిగేసరికి వియన్నాలో బధిరుల పాఠశాల వెలిసింది.

లెపే పోయాక ఆ పాఠశాల సికార్ అనే మరో మతగురువు చేతికి వచ్చింది. ఆయన సభలకు జనాన్ని రప్పించినవాడు ఝాన్ మస్యూ అనే బధిర యువకుడు. సికార్ శిష్యుడు, ఆ తర్వాత అక్కడే ఉపాధ్యాయుడు. సభలో ఎవరో ఒక ప్రశ్న వేస్తారు, మస్యూ అప్పటికప్పుడు జవాబు రాస్తాడు. కృతజ్ఞత అంటే ఏమిటని అడిగితే "హృదయానికి ఉండే జ్ఞాపకశక్తి" అని రాశాడు. ఎంత చక్కని మాట! కానీ అది చదివినప్పుడల్లా నాకు ఒకటి తోస్తుంది. ఆయన ఇచ్చిన జవాబులు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటిలోకీ లోకం నెమరువేసుకుంటూ వచ్చింది మాత్రం కృతజ్ఞత గురించి చెప్పినదాన్నే.

1815లో నెపోలియన్ తిరిగి వచ్చి ఫ్రాన్సులో కలకలం రేగినప్పుడు సికార్ మస్యూనూ, లోరాన్ క్లేర్ అనే మరో బధిర ఉపాధ్యాయుడినీ వెంటబెట్టుకుని లండన్ వెళ్లి అక్కడ ప్రదర్శనలిచ్చాడు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నుంచి వచ్చిన థామస్ గాలడెట్ వాళ్లను అక్కడే కలిశాడు. హార్ట్‌ఫర్డ్‌లో కాగ్స్‌వెల్ అనే వైద్యుడి కూతురు ఆలిస్‌కు పసితనంలోనే జబ్బు చేసి వినికిడి పోయింది. ఆ పిల్లకోసం, ఆమెలాంటి వాళ్లకోసం బడి పెట్టాలని, విద్య నేర్చుకు రమ్మని గాలడెట్‌ను యూరప్ పంపారు. 1816 జూన్‌లో క్లేర్ ఆయనతోపాటు ఓడెక్కాడు. ప్రయాణం 52 రోజులు. ఆ రోజులన్నీ గాలడెట్ క్లేర్ దగ్గర సంజ్ఞలు నేర్చుకున్నాడు, క్లేర్ గాలడెట్ దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నాడు.

దిగాక ఇద్దరూ బోస్టన్, ఆల్బనీ, న్యూయార్క్, ఫిలడెల్ఫియా వంటి ఊళ్లు తిరిగారు. క్లేర్ రాసిన ప్రసంగాన్ని గాలడెట్ పైకి చదివేవాడు. తర్వాత శ్రోతలు ప్రశ్నలు వేసేవారు, క్లేర్ అక్కడికక్కడే ఇంగ్లీషులో జవాబులు రాసేవాడు. అది ఓడలో పట్టుబడిన భాష అని తలచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. అప్పటికి ఆయన పదేళ్లుగా పాఠాలు చెబుతున్నవాడు. తాను పనిచేయబోయే బడికి తానే చందా అడుగుతున్నాడు, ఏం చెప్పాలో తానే రాసుకుంటున్నాడు. చందాలతోపాటు హార్ట్‌ఫర్డ్ ఉన్న కనెటికట్ రాష్ట్ర చట్టసభ 5,000 డాలర్లు ఇచ్చింది. 1817 ఏప్రిల్ 15న బడి తెరిచారు. మరుసటి ఏడాది క్లేర్ వాషింగ్టన్ వెళ్లినప్పుడు ప్రతినిధుల సభలో స్పీకర్ హెన్రీ క్లే ఆయన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. 1819లో అమెరికా జాతీయ చట్టసభ కాంగ్రెస్ ఆ బడికి 23,000 ఎకరాల భూమి మంజూరు చేసింది. ఒక బధిరుడు కళ్లెదుట నిలబడి వాదించి ఉండకపోతే అది జరిగేది కాదని నా నమ్మకం.

తర్వాత తర్వాత అదే పద్ధతి పిల్లల మీదికి మళ్లింది. అమెరికాలో కొత్త బళ్లు పుట్టేకొద్దీ విద్యార్థులను సభల్లోనూ చట్టసభల ముందూ నిలబెట్టి రాయించడం, నటింపజేయడం మామూలైపోయింది. బోస్టన్‌లో లారా బ్రిడ్జ్‌మన్ అనే అమ్మాయికి చూపు, వినికిడి రెండూ లేవు. ఆమె ఉండే అంధుల పాఠశాలకు శనివారాల్లో జనం గుంపులుగా వచ్చేవారు. 1842లో చార్లెస్ డికెన్స్ కూడా వచ్చి చూసి రాశాడు. ఆ రాతల వల్ల బడికి పేరు వచ్చింది, సహాయం వచ్చింది. తనను చూస్తున్న గుంపు మాత్రం ఆ పిల్లకు కనబడదు, వినబడదు. అది నాకు మింగుడుపడదు.

మా అమ్మ చదివిన బడిలో వార్షికోత్సవం అంటే దాతల పండుగ. ఆడపిల్లలంతా సినిమా పాటకు డ్యాన్సు చేయాలి. వేదిక కింద, ముందు వరుస కుర్చీలకు అడ్డం రాకుండా టీచరు మోకాళ్ల మీద కూర్చుని చేతులతో అడుగులు చూపిస్తుంటే పిల్లలు ఆ చేతులనే చూస్తూ ఆడేవారు. ఏ పాట అమ్మా అని అడిగితే అమ్మ ఇప్పటికీ చెప్పలేదు. ఆకుపచ్చ లంగా, కాళ్లకు గజ్జెలు, టీచరు ఎడమచెయ్యి ఎత్తగానే గిర్రున తిరగడం, పాదాల కింద చెక్కలు అదరడం, ఆమెకు పాట అంటే ఇదే. డ్యాన్సు ఆమెకు ఇష్టమే. ఇష్టం లేనిది తర్వాతి ఘట్టం. మైకులో దాతల పేర్లూ వాళ్లిచ్చిన మొత్తాలూ చదువుతుంటే పిల్లలను వరుసగా నిలబెట్టేవారు. "ఏం చెబుతున్నారో మాకు తెలియదు, పక్కపిల్ల దండం పెడితే మేమూ పెట్టేవాళ్లం" అంటుంది. ముందు వరుసలో కళ్లు తుడుచుకునేవారట. ఎందుకు ఏడుస్తున్నారో పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

బధిరులు తమకు కావలసినదానికి తామే డబ్బు కూడబెట్టుకున్న చరిత్ర కూడా అంతే పాతది. దాని గురించి తక్కువమందికి తెలుసు. గాలడెట్ చనిపోయాక ఆయన స్మారక స్తంభాన్ని హార్ట్‌ఫర్డ్‌లో 1854లో బధిరులే తమ చందాలతో కట్టించారు. నమూనా గీసింది ఆల్బర్ట్ న్యూసమ్, ఒక శిల్పఫలకం చేసింది జాన్ కార్లిన్. ఇద్దరూ బధిరులే. 1889లో వాషింగ్టన్‌లోని బధిరుల కళాశాల ఆవరణలో నిలిపిన గాలడెట్ విగ్రహానికీ దేశమంతటి బధిరులు చందాలు వేసుకున్నారు. చెక్కింది డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్, తర్వాతి కాలంలో లింకన్ స్మారక విగ్రహం చేసినవాడు. అందులో గాలడెట్ పక్కన చిన్నారి ఆలిస్ నిలబడి వేళ్ల సంజ్ఞతో ఇంగ్లీషు మొదటి అక్షరం 'A' చూపుతూ ఉంటుంది. న్యూయార్క్‌లో బధిరుల క్లబ్బులూ చర్చి సంఘాలూ వృద్ధ బధిరుల ఆశ్రమం వంటి పనుల కోసం మూకాభినయాలు, నాటికలు, విందులు ఏర్పాటు చేసేవి. వేదిక మీద ఉన్నవాళ్లూ బధిరులే, టికెట్టు కొనేవాళ్లలోనూ బధిరులే ఎక్కువ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సినిమా నిధి. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య గురించి జరిగిన మహాసభ బళ్లలో సంజ్ఞలు వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. తమ భాష నశిస్తుందన్న భయంతో అమెరికా బధిరుల జాతీయ సంఘం 5,000 డాలర్ల నిధి పోగుచేసి, ఆ భాషలో గొప్పగా మాట్లాడేవాళ్లను 1910 నుంచి చిత్రీకరించింది. ఆ పనికి ముందు నిలిచిన జార్జ్ వెడిట్జ్ కూడా బధిరుడే. ఆ రీళ్లు ఊరూరా తిరిగి బధిరుల సమావేశాల్లో ఆడాయి. 1913 నాటి ఒక చిత్రంలో జాన్ హాచ్‌కిస్ అనే బధిర ఆచార్యుడు తన చిన్ననాటి హార్ట్‌ఫర్డ్‌ను తలచుకుంటూ, తాను చూసిన వృద్ధుడైన క్లేర్ గురించి సంజ్ఞల్లో చెబుతాడు. ఊరూరా తిరిగి పరాయి భాషలో జవాబులు రాసి చందా అడిగిన మనిషి జ్ఞాపకం, బధిరుల చందాతో, బధిరుల భాషలోనే మిగిలింది.

మా నాన్న ఉన్న సంఘం కూడా ఒకసారి నాటిక వేసింది. సంఘంలో ఒకాయన గుండె ఆపరేషన్‌కు డబ్బు కావలసి వచ్చింది. కథ నాన్నే అల్లాడు. బధిరుడు బ్యాంకుకు వెళ్తాడు, గుమాస్తా వినబడదని తెలిసినకొద్దీ ఇంకా గట్టిగా అరుస్తాడు, చివరికి గొంతు పోయి తానే సైగలు మొదలుపెడతాడు. హాలు నవ్వుల్లో మునిగిపోయింది, చేతులన్నీ గాలిలోకి లేచి ఊగాయి. వాళ్ల చప్పట్లు అవే. ప్రేక్షకుల వైపు లైట్లు ఆర్పలేదు, ఎందుకంటే చీకట్లో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేరు. రంగం మారేటప్పుడు లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించారు. వినగలిగే చుట్టాలను ఒక పక్కన కూర్చోబెట్టి నేను తెలుగులో చెప్పాను. కోశాధికారి వచ్చిన ప్రతి మొత్తాన్నీ గుమ్మం దగ్గరి నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తూ పోయాడు. దాతలకు దండాలు పెట్టే ఘట్టం లేదు.

ఇక మీ కార్యక్రమం సంగతి. పెట్టండి, తప్పేమీ లేదు. కాకపోతే పాట ఎంచి వాళ్ల చేతికివ్వకండి. ఏం చేస్తారో ఆ విద్యార్థులనే అడగండి. నాటిక అంటే నాటిక, డ్యాన్సే కావాలంటే డ్యాన్సు. అనువాదకులను కార్యక్రమం రోజుకే కాకుండా మొదటి సమావేశం నుంచీ పిలిచి, వాళ్ల పనికి డబ్బు ఇవ్వండి. ప్రేక్షకులతో ప్రశ్నలు అడిగించే ఆలోచన ఉంటే ముందు విద్యార్థుల ఒప్పుకోలు తీసుకోండి, మేమూ అడుగుతామంటే అడగనివ్వండి. సన్మానాలప్పుడు, ప్రసంగాలప్పుడు కూడా అనువాదకులు వెలుతురులో నిలబడాలి. సాధారణంగా అందరూ మరచిపోయేది అదే. డబ్బు ఏ పనికో పోస్టరు మీదే రాయండి, నిర్వాహక సంఘంలో కోశాధికారి పదవి వాళ్లలో ఒకరికి ఇవ్వండి. మీది ఏ ఊరో చెబితే అక్కడి బధిరుల సంఘం వాళ్లతో మాట్లాడి మీకు కలుపుతాను.